ఒక పిన్ని అంటే నలభై ఒక్క నిమిషాలు

మార్చి 4

రెండో సమీక్షకుడు నవ్వాడట. అలాగే రాశాడు: "ఈ పత్రం చదువుతూ రెండు చోట్ల నవ్వాను." నవ్వించినందుకు నా మీద కోపం వచ్చిందో ఏమో, ఆ కిందనే పద్నాలుగు సవరణలు అడిగాడు. పదమూడు చేశాను. పద్నాలుగోది చేయను. ఫుట్‌నోట్ తీసేయమంటాడు! ఆ ఫుట్‌నోట్ కోసమే మిగతా ఇరవై పేజీలూ రాశానని అతనికి తెలియదు.

సంపాదకుడికి పంపిన జవాబు బాగా కుదిరింది, ఇక్కడ ఎక్కించుకుంటున్నాను.

"పందొమ్మిది ఇళ్ళ గుమ్మాల దగ్గర రికార్డర్లు పెట్టాం. చూడటానికి వచ్చిన మనిషి మొదటిసారి 'ఇక వస్తాను' అన్నప్పటినుంచి నిజంగా గడప దాటేదాకా ఎంతసేపు పడుతుందో కొలిచాం. పద్దెనిమిది ఇళ్ళ సగటు పన్నెండు నిమిషాలు. పందొమ్మిదో ఇల్లు రచయిత్రిది. అక్కడికి ప్రతి గురువారం వచ్చే ఒకే ఒక్క అతిథి సగటు నలభై ఒకటి. ఇంత పెద్ద అంకెను పక్కన పెట్టడం కన్నా దాన్నే కొలమానంగా తీసుకోవడం మేలనిపించింది. కాబట్టి ఒక పిన్ని అంటే నలభై ఒక్క నిమిషాలు."

ఫుట్‌నోట్: "పిన్ని అంటే రచయిత్రి పిన్నిగారే. ఈ పత్రం అచ్చుకు వెళ్ళే సమయానికి ఆవిడ ఇంకా గుమ్మంలోనే ఉన్నారు."

బహువచనం "పిన్నులు" అని రాస్తే పాఠకులు గుండుసూదులనుకోరా అని సంపాదకుడి సందేహం. మా పిన్ని దర్జీ, రెండు రకాల పిన్నులూ ఆవిడవే అని రాసి పంపాను. ఒప్పుకున్నాడు.

మార్చి 5, గురువారం

పిన్ని కొట్టుకు ఇవాళ సెలవు. వచ్చింది. ఎప్పటిలాగే చేతిసంచిలో నా పాత చొక్కా ఒకటి, మోచేతి దగ్గర అతుకు వేసి. పేపరు సంగతి చెప్పాను.

"చదువు, విందాం" అంది.

ఫుట్‌నోట్ చదివాను. నవ్వింది. కొంచెం ఆగి నవ్వింది.

"ఇవన్నీ జనం చదువుతారా?"

"మహా అయితే పదిమంది, పిన్నీ. అందులో నలుగురం మేమే."

"అయితే పర్లేదులే."

వస్తానని లేచింది. చెప్పులు వేసుకుంది. గొళ్ళెం మీద చెయ్యి వేసి, "అన్నట్టు, ఇంకో సంగతి…" అంది. నేను గడియారం వైపు చూసి, "ఇదిగో, మొదలైంది!" అన్నాను. ఆవిడ మళ్ళీ నవ్వింది. "ఏం లేదులే" అని వెళ్ళిపోయింది.

అమ్మ పోయేనాటికి నాకు తొమ్మిదేళ్ళు. అప్పటినుంచి నన్ను పెంచింది ఈవిడే. పెళ్ళి ఊసు ఎవరైనా ఎత్తితే, "ముందు దీని జడ అల్లనివ్వండి" అనేదట. నేను ఎంత ఏడిపించినా ఏమీ అనుకోదు. మా ఇద్దరి మధ్య అలాంటివి లేవు.

మార్చి 11

పేపరు వెబ్‌సైట్‌లో పెట్టారు. ఇవాళ నాలుగుసార్లు తెరిచి చూసుకున్నాను. నాలుగుసార్లూ ఫుట్‌నోటే.

మా మేడం, అంటే విభాగం హెడ్డు, కారిడార్‌లో ఆపి, "బాగుంది, కానీ మే నెలలో కమిటీ ముందు దీన్నే చూపించబోతున్నావు. వాళ్ళు నవ్వే రకం కాదు" అంది. మేలో నా ఉద్యోగం ఖాయం చేస్తారో, ఇంటికి పంపుతారో తేలుస్తారు.

నవ్వు ఉంటే నిజం తగ్గిపోతుందా? నా దగ్గర ఒక ఫైలుంది, ఎనిమిదేళ్ళుగా దాస్తున్నాను. చీమల మీద పనిచేసినావిడ పరికరాల పట్టికలో "భూతద్దం, పట్టకారు, ఓపిక (రెండు నెలలు)" అని రాసుకుంది. ఇంకొకాయన కృతజ్ఞతల్లో, "ఈ లెక్క తట్టేంతసేపు నన్ను లోపలే ఉంచిన మా లిఫ్టుకు" అన్నాడు. వంద పేజీలు కర్త లేని వాక్యాలు. "గమనించబడింది", "నిర్ధారించబడింది". ఎవరు గమనించారు బాబూ? ఆ ఎండుగడ్డిలో ఇలాంటి వాక్యం ఒకటి తగిలితే, అవతల ఒక మనిషి ఉన్నాడని తెలుస్తుంది. నేను చేసింది అదే. అంతే.

మార్చి 12, గురువారం

పిన్ని వచ్చింది. జలుబట. త్వరగా వెళ్ళింది.

మార్చి 16

పేపర్లో పడ్డాం! అసలు సిసలు దినపత్రికలో, లోపలి పేజీలో చిన్న పెట్టె కట్టి. "వెళ్తానంటే వెళ్ళరేం? పిన్నిని అడగండి." మొన్న వాళ్ళ విలేకరి ఒకడు ఫోన్లో ఇరవై నిమిషాలు మాట్లాడాడు. పిన్ని ఏం చేస్తుందని అడిగితే, మార్కెట్ వెనక సందులో ఆల్టరేషన్ కొట్టని చెప్పాను. అదీ వేశాడు. వేస్తే ఏం, అదేమన్నా రహస్యమా?

పొద్దున్నుంచి పొలోమని ఫోన్లు. ఆఫీసులో అప్పుడే మాట పాకింది. మీటింగ్ రెండు పిన్నులు పట్టిందని గుమాస్తా అన్నాడు. మేడం కూడా నవ్వింది. ఒక మాటను పుట్టించి బజార్లోకి వదలడం ఎంతమందికి దక్కుతుంది?

పిన్నికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మిషను చప్పుడులో వినపడి ఉండదు.

మార్చి 19, గురువారం

వచ్చింది. కూర్చుంది. టీ తాగింది. "వస్తాను" అంది, వెళ్ళింది.

నేను కొలవాలనుకోలేదు. కళ్ళు వాటంతటవే గడియారం మీదకు పోయాయి. నిమిషం కూడా కాలేదు. ఏదో పని ఉండి ఉంటుంది.

మార్చి 26, గురువారం

రాలేదు. పెళ్ళిళ్ళ రోజులు, జాకెట్ల పని ఎక్కువై ఉంటుంది.

ఏప్రిల్ 2, గురువారం

రాలేదు. పని ఎక్కువై ఉంటుంది.

అయినా గురువారం కొట్టుకు సెలవు కదా.

ఏప్రిల్ 3

ఈ పేపరులో నా సహ రచయితను ఆఫీసులో అందరూ "సగటు" అంటారు. ఏది అడిగినా సగటు తీసి చెబుతాడు. ఇవాళ టీ దగ్గర వాడితో, పిన్ని రావడం లేదు, తీరిక లేనట్టుందని అన్నాను.

"ముందే అన్నా కదా, ఆవిడ అంకె తీసేద్దామని. అందరికీ దూరంగా ఎక్కడో ఉంది. అలాంటిదాన్ని పక్కన పెడతాం గానీ, దాన్నే కొలబద్ద చేసుకుంటామా?"

"ఆవిడ అంకె కాదు, మా పిన్ని."

"అదే నేనూ అంటున్నా" అన్నాడు.

కప్పు అక్కడే వదిలేసి వచ్చేశాను. పొద్దుపోయేదాకా ఒక్క పని తెమల్లేదు. కుర్చీలోంచి కిటికీకి, కిటికీ నుంచి కుర్చీకి కాలుగాలిన పిల్లిలా తిరిగాను. టేబుల్ సొరుగులన్నీ సర్దేశాను. సర్దినవే మళ్ళీ సర్దాను.

ఏప్రిల్ 4

నేనే కొట్టుకు వెళ్ళాను. పక్కన తాళాలు బాగుచేసే ఆయన డబ్బాకొట్టు మూసి ఉంది. పిన్ని మెడలో టేపు, కళ్ళజోడు ముక్కు మీదకు జారి, పంట్లాం అంచు మడుస్తోంది. ఎదురుగా ఒకాయన, చూస్తే మేష్టారిలా ఉన్నాడు.

"ఎప్పుడిస్తారమ్మా? అరపిన్నిలో అయిపోద్దా?" అని తనే నవ్వుకున్నాడు.

పిన్ని దారం పంటితో తెంపి, "రేపు" అంది. ఆయన వెళ్ళేదాకా నావైపు చూడలేదు.

"ఏం, నీ బట్టలేమన్నా బిగుతయ్యాయా?"

"ఊరికే వచ్చాను పిన్నీ."

"ఊరికే వచ్చేదాన్ని నేను కదా."

"సరదాకి రాశాను…"

"సరదాగానే ఉందిగా. నేనేమన్నా ఏడుస్తున్నానా?"

"మరి ఎందుకు రావట్లేదు?"

"వస్తే నాకు వెళ్ళడం కష్టం కదమ్మా. పుస్తకంలో రాశారు."

మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ చప్పుడులో నేనింకేం మాట్లాడను? తల కొట్టేసినట్టయింది. కాసేపు నిలబడి వచ్చేశాను.

అసలు ఇంత పట్టించుకోవాల్సిందేముంది ఇందులో? పేరు కూడా రాయలేదు. పిన్ని అన్నాను. లోకంలో ఎందరు పిన్నులు లేరు!

ఏప్రిల్ 6

ఇవాళ ఏమీ రాయను.

ఏప్రిల్ 9, గురువారం

రాలేదు.

ల్యాబ్‌లో తలుపు వేసుకుని, మా ఇంటి రికార్డింగులు తీశాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పన్నెండు గురువారాలు. నేను వీటిని ఎప్పుడూ వినలేదు. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. మొదటి "వస్తాను" దగ్గర ఒక గీత, తలుపు మూసిన చప్పుడు దగ్గర ఒక గీత. రెండూ సగటు రాసిన ప్రోగ్రామే పట్టుకుంటుంది. మధ్యలో ఉన్నదంతా పట్టికలో "ఖా". ఖా అంటే ఖాళీ మాటలు. మిగతా ఇళ్ళవి వినబోమని అనుమతి పత్రంలో రాసిచ్చాం, వినకూడదు. మా ఇంటివి వినొచ్చు. విననక్కర్లేదనుకున్నాం. వీడ్కోలు మాటల్లో ఏముంటుందని.

ఇవాళ విన్నాను.

మొదటి వారం. వాన గురించి, అల్మారా తలుపు కిర్రుమంటున్న సంగతి గురించి. తర్వాత పిన్ని గొంతు: "తాళంచెవి మళ్ళీ చేయించాను. పాతది అరిగిపోయింది." నా గొంతు: "ఊఁ."

మూడో వారం: "తాళంచెవి ఇంకోటి చేయించాను, నీ దగ్గర ఒకటి ఉంటే మంచిదని. ఆయన చెయ్యి చాలా నికార్సైన చెయ్యి."

ఆరో వారం: "తాళంచెవి ఎక్కడో పడిపోయింది. ఆయనే ఇచ్చాడు, మాట్లాడకుండా పది నిమిషాల్లో చేసిచ్చాడు. పాటలు బాగా పాడతాడట."

తొమ్మిదో వారం మళ్ళీ తాళంచెవి.

ముప్పై ఏళ్ళుగా ఒక్క సూది పారేసుకోని మనిషి. మూడు నెలల్లో నాలుగు తాళంచెవులు! నేనేమో ఊఁ, ఊఁ.

పదో వారం, ముప్పై ఎనిమిదో నిమిషం. "అన్నట్టు, ఇంకో సంగతి… నీతో ముందు చెప్పాలని…" అక్కడ నా నవ్వు. "పిన్నీ, నువ్వసలు వెళ్ళవా? రికార్డర్ బ్యాటరీ అయిపోతోంది!"

పదకొండు. "ఇంకో సంగతి…" నా నవ్వు.

పన్నెండు. అదే. నా నవ్వు ఇంత మోటుగా ఉంటుందని నాకు తెలియదు.

ఏప్రిల్ 10

సాయంత్రం పిన్ని ఇంటికి వెళ్ళాను. గదిలో దీపం వేసి, పప్పులో రాళ్ళు ఏరుతోంది. నేను చెప్పులు కూడా విప్పలేదు.

"తాళాలాయన గురించి నాకేం చెప్దామనుకున్నావు?"

చేట కింద పెట్టలేదు. ఏరుతూనే ఉంది.

"అదెప్పుడో అయిపోయింది."

"ఏమయిపోయింది?"

"సెప్టెంబర్లో అడిగాడు. మీకెవరూ లేరు, నాకెవరూ లేరు, రిజిస్టర్ ఆఫీసుకు వెళ్ళి సంతకాలు పెట్టేద్దాం అని. నాకు మా పిల్ల ఉంది, దానికి ముందు చెప్పాలి అన్నాను. చెప్తానన్నాను. వారం వారం అడిగేవాడు, చెప్పారా అని. ఎలా చెప్పను? యాభై ఆరేళ్ళ మనిషిని. కూర్చుని చెప్పే మాట కాదది. గుమ్మంలో అయితే చెప్పేసి చటుక్కున వెళ్ళిపోవచ్చు కదా అని…"

ఒక రాయి తీసి పక్కన పెట్టింది.

"పేపర్లో అది పడ్డ మర్నాడు వద్దని చెప్పేశాను ఆయనకి."

"ఎందుకు పిన్నీ?"

"గుమ్మంలో నిలబడితేనే ఊరంతా నవ్వింది. ఈ వయసులో పెళ్ళంటే నోరు మూస్తారా? నన్ను నవ్వులపాలు చెయ్యడానికి బయటివాళ్ళెందుకే, నువ్వు చాలవూ?"

కోపంగా కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తన డబ్బాను బస్టాండ్ వైపు మార్చేసుకున్నాడట, రోజూ ఎదురుపడితే పిన్నికి ఇబ్బందని.

నేను ఏదో అన్నాను. ఏమన్నానో రాయను, పనికిమాలిన మాటలు. నా చేతులారా చెడగొట్టాను. అదొక్కటే నిజం.

ఏప్రిల్ 14

నాలుగు రోజులు కూర్చుని, మా పత్రం వేసిన పత్రికకు సవరణ రాశాను. నా జీవితంలో ఇంత జాగ్రత్తగా ఏదీ రాయలేదు.

"మా పత్రంలో 'ఖాళీ మాటలు' అని వర్గీకరించిన భాగాన్ని రచయితలు వినలేదు. ఆ తర్వాత రచయిత్రి విన్న పన్నెండు రికార్డింగులలో ఏ ఒక్కటీ ఖాళీ కాదు. నిష్క్రమణలో ఆలస్యం అతిథి అలవాటు వల్ల జరిగిందని రాశాం. అది తప్పు. ఎదుటి మనిషి వినకపోవడం వల్ల జరిగింది."

మేడంకి చూపించాను. రెండుసార్లు చదివింది.

"జోకుకి సవరణ ఎవరైనా రాస్తారటమ్మా? మేలో కమిటీ పెట్టుకుని, మేం వినకుండా తేల్చేశాం అని నీ అంతట నువ్వే చెప్పుకుంటావా?"

"వినలేదు కదా మేడం."

ఎగాదిగా చూసి కాగితం తిరిగిచ్చేసింది. పంపేశాను. ఎంత తేలిగ్గా ఉందో! నెల తర్వాత మొదటిసారి అన్నం రుచిగా ఉంది. చేయాల్సింది చేశాను.

ఏప్రిల్ 15

సగటు సవరణ చదివి, సంతకం పెట్టి, "బాగుంది. పిన్నిగారు ఈ పత్రిక తెప్పించుకుంటారా?" అన్నాడు.

వీడికి ఎదుటివాళ్ళ మీద జాలి అనేది బొత్తిగా లేదు.

వాడన్నది నిజమే. నేను దాక్కున్నాను. చేతకాని పని పక్కన పెట్టి, చేతనైన పని చేసి, చేయాల్సింది చేశానని రాసుకున్నాను. నిన్నటి ఆఖరి రెండు వాక్యాలు కొట్టేస్తున్నాను. వద్దు, ఉండనిస్తాను. చూసుకోవడానికి ఉండాలి.

ఏప్రిల్ 16, గురువారం

బస్టాండ్ దగ్గర వెతికాను. టైర్ల కొట్టుకూ జిరాక్సు సెంటరుకూ మధ్య ఇరుకులో ఉంది డబ్బా. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు, నెరిసిన మీసం, చొక్కా కాలరు తిప్పి కుట్టి ఉంది. ఆ కుట్టు ఎవరిదో చూడగానే తెలిసింది. మిషను మీద ఎవరిదో తాళంచెవి అరగదీస్తున్నాడు. నేను ఫలానా అని చెప్పాను.

"మీరేనా, ఆ కొలిచే అమ్మాయి?"

"నేనే."

"పేపర్లో చదివానండి. కటింగు కూడా దాచుకున్నా."

"నవ్వొచ్చిందా మీకు?"

"వచ్చింది" అన్నాడు. "నలభై ఒక్క నిమిషాలేనా, అని నవ్వొచ్చింది. నా దగ్గరైతే గంటన్నరకు తగ్గేది కాదు. ఒక కాలు రోడ్డు మీదే ఉండేది, వెళ్తున్నట్టే. నేను చేసిచ్చిన తాళంచెవినే మళ్ళీ తెచ్చి, దీనికింకోటి కావాలి అనేది. మీ లెక్క తప్పండి."

"తప్పే" అన్నాను. "ఆ పేపరు చూసే వద్దన్నదండీ ఆవిడ. నా వల్ల. నేను నవ్వాను, ఊరు నవ్వింది. మీరూ నవ్వులపాలవుతారని…"

మిషను ఆపేశాడు. ఇనుపరజను చేతి మీంచి ఊదుకున్నాడు.

"కారణం చెప్పలేదండి. నేనేదో తప్పుగా అడిగాననుకున్నా."

"ఒకసారి వచ్చి మాట్లాడండి."

"వద్దన్నాక ఆవిడ గడప తొక్కడం మర్యాద కాదండి. నేను ఇక్కడే ఉంటాను. అది చెప్పండి చాలు."

అక్కణ్ణించి నేరుగా పిన్ని దగ్గరకు వెళ్ళాను. గుమ్మంలో నిలబడి, ఆయన అన్నది అన్నట్టుగా, ఒక్క మాట కలపకుండా, తీసేయకుండా చెప్పాను. గంటన్నర దగ్గర పిన్ని మొహం ఎర్రబడింది.

"నీతో కూడా వాగాడా? బుద్ధి లేదు మనిషికి" అంది.

తలుపు వేసుకుంది. అలాగే నిలబడ్డాను. లోపల ఏమీ వినపడలేదు.

ఏప్రిల్ 19

కబురు లేదు. సవరణ అందిందని, పరిశీలిస్తామని పత్రికవాళ్ళు రాశారు. పట్టించుకోబుద్ధి కాలేదు.

ఏప్రిల్ 21

ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగాను. చేయలేదు. ఈసారి మాట్లాడటం ఆవిడ వంతు, వినడం నా వంతు. ఇంత చిన్న సంగతి ఒంటపట్టడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది.

ఏప్రిల్ 23, గురువారం

పదకొండింటికి తలుపు చప్పుడైంది. పిన్ని. ఇస్త్రీ చీర. లోపలికి రాలేదు.

"బస్టాండ్ దాకా వస్తావా? ఒక్కదాన్నే వెళ్ళాలంటే కాళ్ళాడటం లేదు."

ఆఫీసు మాట కూడా తలుచుకోలేదు. చెప్పులు వేసుకుని బయటపడ్డాను. టైర్ల కొట్టు దగ్గర నా మోచెయ్యి పట్టుకుంది.

ఆయన తలెత్తి చూశాడు. పిన్ని రోడ్డు మీద ఆగలేదు. ఎండ, వాన, తాళంచెవి, ఏదీ ఎత్తలేదు.

"సెప్టెంబర్లో మీరొకటి అడిగారు. ఇప్పటికీ అడుగుతున్నట్టేనా?" అంది. గొంతు కాస్త గట్టిగానే వచ్చింది. జిరాక్సు సెంటర్లో ఇద్దరు తిరిగి చూశారు, వాళ్ళలో ఒకమ్మాయి నవ్వింది కూడా. పిన్ని అటు చూసింది, మళ్ళీ ఇటు తిరిగింది.

ఆయన నోరు తెరవబోయాడు. అంతలో పిన్ని నావైపు చూసి, "నువ్విక వెళ్ళవే" అంది.

"పిన్నీ…"

"వెళ్ళు. ఇది నువ్వు వినాల్సింది కాదు."

వచ్చేశాను. ఆయన ఏమన్నాడో నాకు తెలియదు, ఎక్కడా రాసుకోలేను. మలుపు దగ్గర ఉండబట్టలేక వెనక్కి చూశాను. కళ్ళ నిండా నీళ్ళు, సరిగా కనపడలేదు. ఆయన లోపలినుంచి ఒక చిన్న స్టూలు తెచ్చి, పైగుడ్డతో తుడిచి, తన పక్కన వేశాడు.

పిన్ని కూర్చుంది.